పాటకు నెలవైన చోటులు

మన సంగీతమును గూర్చి వ్రాసినవారనేకులు గలరు. రాగతాళములను వివరించు గ్రంథములకును, వాగ్గేయకారుల జీవితములను దెలుపు పుస్తకములకును మనకు లోటు లేదు. కాని ఆ పాట యెక్కడ పాడబడినది, దానిని వినుట కెవరికి ప్రవేశము గలిగినది, ఎవరు గడప కావల నిలువవలసి వచ్చినది అను ప్రశ్నలను మనము వేసికొనుట యరుదు. పాట గాలిలో బుట్టి గాలిలో గలియును గావున దానికి స్థలముతో బని లేదని తోచును. ఇది భ్రమ. ప్రతి పాటకును ఒక చోటు కలదు. ప్రతి చోటికిని ఒక గడప కలదు. ప్రతి గడపకును ఒక కావలి కలదు. ఆ కావలి యెవరిని లోనికి విడిచెను, ఎవరిని ద్రోసివేసెను అను వృత్తాంతమే మన సంఘచరిత్రములో సగము. ఆ చరిత్రమును కడప మండలములోని గండికోట మొదలుకొని విచారింతము.

జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటరుల దూరమున, ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది పాఱుచున్న గండి యొడ్డున ఈ కోట యున్నది. విజయనగర రాజ్యకాలమున పెమ్మసాని నాయకులు దీని నేలిరి. 1650 వ సంవత్సరమున గోలకొండ సేనాని మీర్ జుమ్లా దీనిని వశపఱచుకొనెను. రెండేండ్లకు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే యిచ్చటికి వచ్చి యతనిని జూచి, కోటను వర్ణించి వ్రాసెను. నేడు కోటలోనికి బోయినవారికి మాధవరాయస్వామి యాలయము, రంగనాథస్వామి యాలయము, జామియా మసీదు, ధాన్యాగారము కన్పట్టును. మాధవరాయాలయమున గోపురము నిలిచియున్నది, స్తంభములు నిలిచియున్నవి. పూజ లేదు, పాట లేదు. రాతిని మనము కాపాడుకొంటిమి. రాతి నడుమ మ్రోగిన ధ్వనిని మాత్రము కోల్పోయితిమి.

ఆ కాలపు దేవాలయమన బూజాస్థలము మాత్రమే కాదు. ఊరికి సంగీతశాలయు నదియే, నాట్యశాలయు నదియే. మేళతాళములతో దేవునికి మేలుకొలుపు, సాయంకాల సేవ, పవళింపు సేవ జరుగుచుండెను. వాద్యగాండ్రకును, ఆడుబిడ్డలైన దేవదాసులకును రాజులు మాన్యము లిచ్చుచుండిరి. కళకు జీవనాధార మిచ్చిన యేర్పాటు గావున దీనిని మెచ్చుకొనవచ్చును. అయినను రంగమండపమున గూర్చుండి వినగలిగినవారెవ్వరు? ప్రాకారము దాటి లోనికి రాగలిగినవారు మాత్రమే. ఆ రాళ్ళను మోసినవారి సంతతిలో బెక్కుమందికి లోపలి పాట తరతరములుగా వినబడలేదు. ఏడాది కొకమాఱు దేవుడే గడప దాటి వీధికి వచ్చుచుండెను, దానినే యుత్సవమనిరి. ఉత్సవమునకు మన జనసామాన్యములో నంత మోజు గలుగుటకు గారణ మిదియే యని చెప్పవచ్చును. మనుష్యుడు లోనికి బోగూడనిచోట, పాటయే వెలుపలికి వచ్చిన దినము పండుగ గాక మఱేమగును?

రాజసభయు నట్టిదే. 1520 ప్రాంతమున విజయనగరమును జూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మహానవమి యుత్సవములను విపులముగా వర్ణించెను. రాజమందిరమున స్త్రీలకు నాట్యము నేర్పుటకై ప్రత్యేకముగా నొక శాల యుండెననియు, నాట్యభంగిమలు దెలియుటకై యచ్చట బొమ్మలు చెక్కబడియుండెననియు నతడు వ్రాసెను. ఎంత శ్రద్ధ! ఎంత శాస్త్రీయమైన శిక్షణ! కాని యా శాల తలుపులు ప్రజలకు దెఱవబడలేదు. మహానవమి నాళ్ళలో మాత్రము రాజవైభవము ప్రజల కన్నులకు విందయ్యెను. ఆ సంప్రదాయమునే 1610 లో శ్రీరంగపట్టణమున మైసూరు ప్రభువులు చేపట్టిరి. కాలక్రమమున నది కోటగోడలు దాటి వర్తకుల వీధులకు గూడ బ్రాకెను. నేడు ప్రొద్దుటూరిలో వాసవీ కన్యకాపరమేశ్వరి దేవాలయమున జరుగు దసరాను జనులు "రెండవ మైసూరు" అని పిలుచుకొందురు. రాజు లేని యూరిలో వర్తకసంఘము తన సొమ్ముతో దసరా జరుపుకొనుట చరిత్రమున చిన్న మార్పు గాదు. ఒకని యనుగ్రహముచే గలిగిన పండుగ పదిమంది చందాలచే జరుగు పండుగ యయ్యెను.

కృష్ణాతీరమునుండి వచ్చిన కళాకారు లీ కడప సీమకు జేసిన మహోపకార మొకటి మాచుపల్లి కైఫీయతులో గలదు. పందొమ్మిదవ శతాబ్దారంభమున కల్నల్ మెకంజీ గ్రామ గ్రామమునను వ్రాయించిన వృత్తాంతములే యీ కైఫీయతులు. పదునాఱవ శతాబ్దారంభమున సిద్ధవటము సీమ సమ్మెట గురవరాజు పాలనలో నుండెననియు, అతడు పన్నుల కొఱకు స్త్రీలను సైతము క్రూరహింసలకు లోనుచేయుచుండెననియు నందు వ్రాయబడియున్నది. కూచిపూడి భాగవతు లా దారిని బోవుచు నా ఘోరమును జూచిరి. వారు విజయనగరమునకు బోయి, వీరనరసింహరాయల సముఖమున గేళిక పట్టినప్పు డా హింసనే వేషములు గట్టి యాడి చూపిరి. రాయలు విషయము గ్రహించి సైన్యమును బంపి గురవరాజును శిక్షించెనని కైఫీయతు చెప్పుచున్నది. ఇందు మనము గమనింపదగినది యిది: ఆ స్త్రీలకు రాజసభలో బ్రవేశము లేదు, వారి మొఱ యచ్చటికి జేరదు. ఆటకు మాత్రము ప్రవేశము గలదు. కావున వారి దుఃఖము ఆటలో దాగి గడప దాటెను. కళ యన గాలక్షేపమని తలచువారు ఈ వృత్తాంతము నొకమాఱు తలపవలయును.

స్థలము లేనిచో బాటకు గలుగు దుర్గతికి నిదర్శనము గూడ నీ మండలమే యిచ్చినది. తాళ్ళపాక యన్నమాచార్యులు (1408-1503) ఈ సీమవాడే. అతని కీర్తనలను వంశీయులు రాగిరేకులపై జెక్కించి తిరుమల దేవాలయమున సంకీర్తన భండారమను నఱలో భద్రపఱచిరి. రాగి చెడలేదు, అక్షరము చెరగలేదు. కాని పాడువారి పరంపర సన్నగిలినందున, ఏ రాగమున బాడవలెనో రేకుపై వ్రాసియున్నను, ఎట్లు పాడవలెనో చెప్పువారు లేకపోయిరి. ఇరువదవ శతాబ్దమున వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగు పండితు లా రేకులను బరిష్కరించి ప్రకటించిరి. అనంతపురము మండలమున బుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు (1893-1979) పెక్కు కీర్తనలకు స్వరకల్పన చేసిరి. తరువాతనే యవి కచేరీలకును, మన యిండ్లకును వచ్చినవి. లోహమున నాలుగు వందల యేండ్లు క్షేమముగ నున్న పాట యొక కంఠమున నొక్క యేడు నిలిచినదానితో సమానము గాదని యీ కథ మనకు జెప్పుచున్నది. పాటకు గావలసినది పెట్టె కాదు. నలుగురు గూర్చుండు చాప.

ఇంక నాటకరంగమునకు వత్తము. 1880 లో ధార్వాడ నాటక సమాజము వారు రాజమహేంద్రవరమునకు వచ్చి పాక వేసి నాటకము లాడిరి. వారు వెడలిపోయిన పిదప నా పాకలోనే కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచే నాటకము లాడించిరి. తెలుగున నాధునిక నాటకప్రదర్శనమునకు నెలవైనది పరదేశులు విడిచిన తాటాకుల పాక యనుట మనము సిగ్గుపడవలసిన విషయము గాదు, సంతోషింపవలసినది. ఆ పాకకు గర్భాలయము లేదు, సింహాసనము లేదు. రుసుము చెల్లించినవా డెవ్వడైనను లోనికి రావచ్చును. కాసు కూడ నొక గడపయే యందురా? నిజమే, కాని పుట్టుక యను గడపకంటె నది తక్కువ యెత్తు గలది. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853-1912) నాటకమున బాటలను, పద్యములను రాగయుక్తముగ బ్రవేశపెట్టుటతో, నాటకశాలయే యాంధ్రులకు ముఖ్యమైన సంగీతశాల యయ్యెను. శాస్త్రీయసంగీతము నెఱుగని రైతు సైతము పద్యము నెత్తుకొని రాగము దీయుట కీ నాటకములే గురువులు.

కడప మండలమున బులివెందుల ప్రాంతమునకు జేరిన చక్రాయపేట దాపున సురభి యను పల్లె యున్నది. తోలుబొమ్మలాట వృత్తిగా గల వనారస కుటుంబమువారు 1885 వ సంవత్సరమున నచ్చట నొక పెండ్లి సందర్భమున బొమ్మలను విడిచి తామే వేషములు గట్టి "కీచకవధ" యాడిరి. ఆ పల్లె పేరే వారికి బిరుదమై నిలిచినది. వనారస గోవిందరావుగారు దానిని సమాజముగా దీర్చి యూరూరను నడిపించిరి. ఆ కుటుంబములు పెరిగి, శాఖలై, గుడారములు, తెరలు, హార్మోనియములు బండ్లపై వేసికొని కడప కొండలనుండి సముద్రతీరము వఱకు దిరిగినవి. ఊరిలో నాటకశాల లేకున్నను వా రెచ్చట దిగిన నచ్చటనే నాటకశాల వెలసెను.

సురభివారు చేసిన మేలు తెరలకును, మాయలకును మాత్రము సంబంధించినది గాదు. పురుషులే స్త్రీవేషములు ధరించు కాలమున వారి యింటి యాడువారే ద్రౌపదిగ, సత్యభామగ రంగమెక్కిరి. భర్త యెదుట భార్య, తండ్రి యెదుట కూతురు పాడిరి. రంగమెక్కిన స్త్రీ గౌరవము గోల్పోవునని దేశమంతయు ననుకొను దినములలో, సంసారము చేసికొనుచునే కళను నడపవచ్చునని వా రుపన్యాసములతో గాక బ్రతుకుతో నిరూపించిరి. బళ్ళారి రాఘవగారు (1880-1946) స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పిదప వాదించిరి. ఆ వాదమునకు సాక్ష్యము సురభి గుడారములలో ముందే సిద్ధముగా నుండెను. ఆ సమాజమును నడపిన రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013 లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఒకప్పు డనేక సమాజములుగ వర్ధిల్లిన సురభి నేడు కొలది శాఖలకు దిగినదను మాటయు నీ సంతోషము వెంటనే చెప్పవలసియున్నది.

ఈ సందర్భమున సంస్కర్తల కృషిని నిష్పక్షపాతముగ దలపవలసియున్నది. వివాహములలో మేజువాణులు పెట్టుట, చిన్న బాలికలను దేవునికి దత్తము చేయుట యను నాచారములను వీరేశలింగము పంతులుగారు మొదలగువారు గట్టిగా ఖండించిరి. పసిపిల్ల భవిష్యత్తును ఆమె యెఱుగకయే నిర్ణయించు నాచారము కూలవలసినదే. అందు సందేహము లేదు. ముత్తులక్ష్మీ రెడ్డిగారి వంటివారి దీర్ఘకృషి ఫలముగా 1947 లో మదరాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణ నిషేధ శాసనము వచ్చెను. కడప మండలమప్పు డా రాష్ట్రములోనిదే. అయినను ఆచారమును మాన్పుటతో బాటు, ఆ విద్యను నమ్ముకొని బ్రతికిన స్త్రీలకు గౌరవముతో బాడుకొను వేఱొక చోటును జూపవలసియుండెను. ఆ రెండవ పని మొదటిదానంత శ్రద్ధతో జరుగలేదు. దుష్టాచారమును వెళ్ళగొట్టు తొందరలో విద్యావతిని గూడ వీధిని బెట్టితిమి. తరతరముల శిక్షణ గల పదములు, జావళీలు పెక్కు ఆ స్త్రీలతోనే మూగవోయినవి.

ఆ చోటును తన చేతులతో దానే కట్టుకొన్న స్త్రీ బెంగళూరు నాగరత్నమ్మగారు (1878-1952). తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధి పాడుపడియుండగా ఆమె తన యార్జనమును వెచ్చించి మందిరము గట్టించెను. 1925 లో నది పూర్తియయ్యెను. కాని యచ్చటి యారాధనలో స్త్రీలు పాడుటకు వీలు లేకుండెను. గుడి కట్టుట కామె ధనము పనికివచ్చెను. ఆ గుడి ముందర నామె గొంతు పనికిరాలేదు! ఆమె వెనుదీయక 1927 నుండి స్త్రీలచే వేఱుగ నారాధన జరిపించెను. 1940 ప్రాంతమున గక్షలు సమసి, అందఱు నేకమై యారాధన జరుపుకొనిరి. ఆ యారాధనలో బాడబడునవి తెలుగు కీర్తనలు. వానిని దఱతరములు నిలిపినవారు తమిళులు. దానికి గుడి గట్టినది కన్నడ దేశమున బుట్టిన స్త్రీ. పాటకు ఎల్లలు లేవని చెప్పుట కింతకంటె నిదర్శనము వలదు. ఈమెయే 1910 లో ముద్దుపళని "రాధికా సాంత్వనము"ను బరిష్కరించి ప్రకటించినది. ప్రభుత్వము దానిని నిషేధించెను. 1947 లో నా నిషేధము తొలగెను.

1947 వ సంవత్సరము నిందుకే ప్రత్యేకముగ గుర్తుంచుకొనవలయును. మదరాసు రాష్ట్రమున హిందువుల కందఱకు దేవాలయప్రవేశ మిచ్చు శాసనము నా యేడే వచ్చినది. స్వాతంత్ర్యము వచ్చిన యేడే గుడి గడపయు, గ్రంథపు గడపయు దెఱచుకొనుట, బాలికను దత్తము చేయు తలుపు మూసికొనుట జరిగినవి. శాసనము వ్రాయుట కొక దినము చాలును. గడప యరుగుట కొక తరము పట్టును.

సముద్రతీర మండలములలో నీ మార్పు మఱియొక రూపమున వచ్చినది. కాకినాడలో సరస్వతీ గానసభ యిరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో వెలసి, శరన్నవరాత్రులలో సంగీతోత్సవములు జరిపి దక్షిణదేశ విద్వాంసుల నాంధ్రుల కెఱుకపఱచెను. 1919 లో విజయనగర ప్రభువులు సంగీత కళాశాలను స్థాపించిరి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) దానికి తొలి యధ్యక్షులు; ఫిడేలు విద్వాంసులు ద్వారము వేంకటస్వామి నాయుడుగారు (1893-1964) అచ్చట నధ్యాపకులై, 1936 లో నధ్యక్షులైరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922-1974) బాల్యమున తండ్రిని గోల్పోయి, ఆ యూరిలో మధూకరము చేసికొని తిని యా కళాశాలలో విద్య ముగించిరి. జోలె పట్టిన బాలునికి బువ్వ పెట్టిన విజయనగరపు గృహిణు లెవ్వరో చరిత్ర యెఱుగదు. తమ పిడికెడు మెతుకు లాంధ్రదేశమునకు గొంతు నిచ్చుచున్నవని వా రెఱుగరు. సంగీతోద్ధరణము రాజులు, సభలు మాత్రమే చేసిన పని గాదనుట కిది చాలును.

తిరిగి గండికోటకు వత్తము. ఇటీవలి యేండ్లలో బ్రభుత్వమువా రచ్చట వారసత్వోత్సవములు జరపుచున్నారు. 2020 జనవరిలో నట్టి యుత్సవ మొకటి జరిగినది. దీపములు, వేదిక, ధ్వనియంత్రములు, వేలకొలది జనము! ఒకప్పుడు ప్రాకారమున కావల నిలిచినవారి మనుమలు కోట నడుమ గూర్చుండి పాట వినిరి. ఇది నిక్కముగా సంతోషింపదగిన మార్పు. అయితే యా సంవత్సరమే పెన్నపై గట్టిన గండికోట జలాశయమున నీరు నిండుగ నిలుపుటకై తాళ్ళప్రొద్దుటూరు ప్రజలు తమ యూరిని విడిచి వెళ్ళవలసి వచ్చినది. జలాశయము కావలసినదే, దాని నీరు, 26.85 శతకోటి ఘనపుటడుగులు, కఱవుసీమకు బ్రాణము. కాని యూరు మునిగినప్పు డిండ్లు మాత్రమే మునుగునా? అరుగులు మునుగును, రామాలయపు మంటపము మునుగును, శ్రావణమాసమున నాడువారు పాడుకొను వాకిళ్ళు మునుగును. గోడకు బరిహారము లెక్కగట్టవచ్చును. గోడ కానుకొని విన్న పాట కే యధికారి వెల గట్టగలడు? కొత్త కాలనీలో నిండ్లతో బాటు పదిమంది చేరి పాడుకొను చోటు నొకదానిని గట్టవలెనని యడుగుట విలాసము గాదు; న్యాయము.

మూడుదినముల యుత్సవ మొక సీమకు సంగీతము నీయజాలదు. ఉత్సవము పుష్పము వంటిది. దానికి వేరు దినదినమును జరుగు సాధనలో నున్నది. పుట్టపర్తి నారాయణాచార్యులుగారు (1914-1990) ప్రొద్దుటూరి యగస్త్యేశ్వరాలయమున "శివతాండవము" రచించినప్పు డక్కడ వేదిక లేదు, దీపాలంకారము లేదు. గుడి యున్నది, ప్రదక్షిణము చేయు కవి యున్నాడు, వినుట కూరు సిద్ధముగా నున్నది. అంతే కావలసినది.

కావున చదువరులు తమ యింటినుండియే యీ పనిని బ్రారంభింపవచ్చును. మీ యూరి భజనమందిరమున వారమున కొక రాత్రి తలుపు తెఱచి, కులమెన్నక యందఱను బిలువుడు. పాఠశాలలో సంగీతము నేర్చిన బాలిక పెండ్లితో పాట మానవలెనని శాసింపకుడు. కోడలు పాడిన నింటి మర్యాద పోదు. పండుగనాడు దూరదేశపు గాయకునికి వేలిచ్చునప్పుడు, ఊరిలోని చెక్కభజన వానికిని, హరిదాసునకును ఆ వేదికపైననే యొక గడియ చోటిండు. మాధవరాయాలయపు స్తంభములను నిలుపుటకు బురావస్తుశాఖ యున్నది. పాటను నిలుపుటకు మనము దప్ప వేఱొక శాఖ లేదు.